సిస్టరమ్మ, ఆమె డీజిల్ కారు, మా కమిటీ

సిస్టరమ్మ పోయిందని నాకు వాట్సాప్‌లో తెలిసింది. బదిలీ మీద కడపకు వచ్చాక కర్నూలు సంఘంతో నాకు మిగిలిన బంధం ఆ గ్రూపొక్కటే. ‘మన ప్రియ సహోదరి ప్రభువునందు నిద్రించారు’ అన్న వార్త కింద దండం పెట్టే చేతులు వరసగా దిగుతున్నాయి. వాటి మధ్యలో మా చర్చి కోశాధికారి పెద్ద సందేశం ఒకటి పెట్టాడు. ఆమె సేవలు మరువలేనివన్నాడు. ఆమె లోటు తీరనిదన్నాడు. చివర్లో, ‘ఆమె వాహనం విషయంలో మన కమిటీ అందించిన సహకారం అందరికీ తెలిసినదే’ అని ముగించాడు.

ఆ సహకారం సంగతి నాకు బాగా తెలుసు. ఆ కమిటీలో నేనూ ఒకణ్ణి.

ఆమెకొక పేరుండేది. బాప్తిస్మం రిజిస్టరులోనూ పెన్షన్ కాగితాల్లోనూ ఉండే ఉంటుంది. మనుషులెవరైనా దాన్ని వాడగా నేను వినలేదు. ముప్పై ఏళ్లకు పైగా ఆసుపత్రి వార్డుల్లో నర్సుగా తిరిగి రిటైరైన తర్వాత కూడా ఊరందరికీ సిస్టరమ్మే. కర్నూలు పక్కనే ఉన్న కల్లూరులో మా ఇంటికి రెండిళ్ల అవతల ఒక్కతే ఉండేది. పొట్టి మనిషి, సన్నటి మనిషి. గంజి పెట్టిన తెల్లచీర. భుజం దగ్గర పిన్నుతో తగిలించిన చిన్న గడియారం తలకిందులుగా వేలాడుతుండేది. మనం మాట్లాడుతుంటే ఆమె చూపు మధ్యమధ్యలో ఆ గడియారం మీదికి పోయేది. కొందరు అది విసుగనుకునేవాళ్లు. కాదు, ఎదుటివాడి ఊపిరి లెక్కపెట్టేది. చర్చిలో పాస్టరు అయ్యగారి ప్రసంగమప్పుడు మాత్రం అది విసుగే.

ఎవరైనా వచ్చి “జ్వరమొచ్చినట్టు ఉండాది సిస్టరమ్మా” అంటే, “వచ్చినట్టు ఉండాదా, వచ్చిండాదా? చూసి చెప్పు” అనేది. ఆ ‘చూసి చెప్పు’ అన్న మాటకు మా వీధిలో చిన్నా పెద్దా అందరూ భయపడేవాళ్లు. చూడకుండా చెప్పడం మాకు అంత బాగా అలవాటు.

రిటైరయ్యాక ఒక డాక్టరు వాడి వదిలేసిన పాత డీజిల్ కారు కొనుక్కుని, యాభై ఎనిమిదో ఏట డ్రైవింగ్ నేర్చుకుంది. కారెక్కగానే చెప్పులు విప్పి వెనక సీటు కింద పెట్టేది. ఉత్త పాదాలతోనే నడిపేది. ప్రతి గురువారం పత్తికొండ దారిలోని పల్లెలకు పోయి ముసలివాళ్లకు బీపీ, షుగరు చూసి, మాత్రలు సరిగ్గా వేసుకోనివాళ్లను తిట్టి వచ్చేది. ఎవరూ పంపలేదు. ఎవరినీ అడగలేదు. ఈ రెండో విషయమే మా కమిటీకి మింగుడు పడేది కాదు.

మొదట జరిగింది చిన్న సంగతి. ఒక గురువారం ఆ దారిలోనే రేడియేటర్ కింది రబ్బరు పైపుకు బిగించిన క్లిప్పు వదులై నీళ్లు కారాయి. టెంపరేచర్ ముల్లు పైకి పోయింది. ఆమె కారును ఒక వేపచెట్టు నీడన ఆపి, ఇంజను చల్లారేలోపు పక్క చేలో కలుపు తీస్తున్న ఇద్దరు ఆడవాళ్లకు బీపీ చూసి, తర్వాత నీళ్లు పోసుకుని పత్తికొండ చేరి కొత్త క్లిప్పు వేయించుకుంది. అంతటితో అయిపోవలసింది. కానీ చర్చి స్త్రీల సమాజంలో మాటల మధ్య ఆ సంగతి చెప్పింది. స్త్రీల సమాజంలో అన్న మాట సాయంత్రానికి మగవాళ్ల చెవిన పడుతుంది. మగవాళ్ల చెవిన పడిన మాట కమిటీ విషయమైపోతుంది.

మా కోశాధికారి ఇంజనీరు కాదు, మెకానిక్కూ కాదు. పాత డీజిల్ జీపు ఒకటి ఉన్నవాడు. మా సంఘంలో ఆ అర్హత చాలు. మరుసటి ఆదివారం ఆరాధన కాగానే చర్చి ఆవరణలో సిస్టరమ్మ కారు బానెట్ ఎత్తించాడు. తన జీపును కూడా పక్కకు తెచ్చి నిలబెట్టాడు.

“ఇదో చూడండప్పా, మంచి రేడియేటర్ అంటే ఇట్ల ఉండల్ల” అని రెండింటి మూతలూ తీశాడు.

అయ్యగారి ప్రసంగం పుణ్యమా అని ఇంజన్లు రెండూ చల్లగానే ఉన్నాయి. ఎనిమిది తలలు ఒక్కసారిగా వంగాయి. సెక్రటరీ వేలు ముంచి చూశాడు. ఇంకొకాయన చర్చి బోరు నుంచి బకెట్ తెచ్చాడు. “బోరు నీళ్లు వద్దప్పా, లోపల సున్నం పేరుతాది” అని సిస్టరమ్మ అంటుండగానే పోసేశాడు. నేను కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాణ్ణి కాబట్టి నా అభిప్రాయం అడిగారు. థర్మోస్టాట్ అన్నాను. ఇంజను వేడెక్కేదాకా నీళ్లను ఆపి, వేడెక్కాక రేడియేటర్‌లోకి వదిలే చిన్న తలుపు లాంటిదని చెప్పి, పుల్లతో మట్టిలో బొమ్మ గీశాను. బొమ్మ బాగుందన్నారు.

“ఏం లెక్చరరూ, నా కార్లో దాన్ని చూసినావా?” అని అడిగింది సిస్టరమ్మ.

“లేదు సిస్టరమ్మా. లక్షణాలను బట్టి...”

“క్లిప్పు మార్చినాక దానికి లక్షణాలేం లేవు కదప్పా.”

మూతలు పెట్టారు, బానెట్లు దించారు, ప్రార్థన చేశారు. ఆ గురువారం నుంచే లక్షణాలు మొదలయ్యాయి. సగం దగ్గర నిలబడాల్సిన ముల్లు ముప్పావు దాకా ఎక్కేది, ఉన్నట్టుండి కిందికి పడేది, మళ్లీ ఎక్కేది. నేల మీద ఒక్క చుక్క కారినట్టు ఉండదు, పొద్దున మూత తీసి చూస్తే నీళ్లు కొంచెం తగ్గి ఉండేవి. కమిటీ ముందే కనిపెట్టిందని అందరూ మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను.

కల్లూరులోని మెకానిక్ భాయి దగ్గరికి పోతే ఆయన ఒకటే మాట చెప్పాడు. “థర్మోస్టాట్ పీకేద్దాం సిస్టరమ్మా. మన కర్నూలు ఎండలకు అది ఏమిటికి?”

“ఎండలో నీ ఒంటికి చెమట పడుతాది కదప్పా. చర్మం పీకేస్తే ఇంకా సల్లగా ఉంటాదా?” అని ఆమె కారు వెనక్కి తిప్పుకుని వచ్చేసింది.

కమిటీ కూర్చుంది. సెక్రటరీ ఫ్యాన్ అన్నాడు. ఇంకొకాయన నీళ్లను తిప్పే పంపు అన్నాడు. కోశాధికారి చెయ్యెత్తి అందరినీ ఆపి, “హెడ్ గ్యాస్కెట్ పోయింది. ఇంజన్ దించల్ల. దించినా నిలబడదు” అన్నాడు. ఆ వెంటనే అసలు సంగతికి వచ్చాడు. “అయినా ఆ వయసులో ఆయమ్మకు కారేమిటికప్పా? నడిదారిలో నిలిచిపోతే సంఘానికి కదా చెడ్డపేరు. ఊర్లల్లో సంఘమంటే ఆయమ్మ కారే అనుకుంటాండారు. మనమెవరో వాళ్లకు తెలీదు.”

ఈ చివరి మాటకు అందరి మనసులూ నొచ్చుకున్నాయి. వాహనాన్ని అమ్మించాలని, అంతదాకా తాళంచెవి కమిటీ దగ్గర ఉండాలని తీర్మానం రాశారు. దాన్ని ‘ప్రేమపూర్వకంగా’ ఆమెకు తెలియజేసే బాధ్యత నాకిచ్చారు. పొరుగువాణ్ణి, పైగా సైన్సు చదివినవాణ్ణి. తీర్మానానికి నేనూ చెయ్యెత్తాను. ఎందుకెత్తావని అడిగితే నా దగ్గర ఒకటే జవాబుంది. అందరూ ఎత్తారు.

ఆ కాగితాన్ని సిస్టరమ్మ గుమ్మంలో నిలబడే చదివింది. నాలుగు మడతలు పెట్టింది. మళ్లీ విప్పి, మళ్లీ అవే మడతలు పెట్టింది. ఆమె చేతులు ఊరికే అట్లా పనిచేయడం నేను చూసింది ఆ ఒక్కసారే.

“పదకొండు ఊర్లప్పా. బస్సు పోయేది మూడింటికే” అంది. తర్వాత కాగితం నా చేతిలో పెట్టి, “గురువారం నాతో రా. పోయొచ్చినాక తాళం నీ చేతికే ఇస్తా” అంది.

గురువారం తెల్లవారగానే పోయాను. ఆమె నా చేతికి గీతలు కొట్టిన ఒక నోటుపుస్తకం, పెన్ను ఇచ్చింది.

“ఏం రాయాలి సిస్టరమ్మా?”

“టైము. యాడ ఉండాము. ఎత్తు ఎక్కుతాండామా, దిగుతాండామా. ఎంత స్పీడు. ముల్లు యాడ ఉండాది. పది నిమిషాలకొకసారి. నీ అభిప్రాయం రాయొద్దు.”

బయలుదేరే ముందు ఇంజన్ ఆయిల్ చూసే పుల్ల తీసి నాకు చూపించింది. ఇంజను లోపల నీళ్లనూ ఆయిలునూ వేరుగా ఉంచే ఆ హెడ్ గ్యాస్కెట్ పొర పోయుంటే నీళ్లు కలిసి ఆయిలు తెల్లగా మజ్జిగలా అయ్యుండేది. నల్లగానే ఉంది. చల్లటి ఇంజను మీద రేడియేటర్ మూత తీసి, స్టార్ట్ చేసి, నీళ్లలో బుడగలు వస్తున్నాయేమో చూడమంది. రాలేదు. పొగ తెల్లగా వస్తోందా అంటే అదీ లేదు.

“అయితే హెడ్ గ్యాస్కెట్ కాదన్నమాట” అన్నాను.

“అనుమానం తగ్గించు. ఇంకా తీసెయ్యొద్దు.”

కోడుమూరు దాకా ముల్లు సగం దగ్గర కదలకుండా ఉంది. తర్వాత ఒక ఎత్తు ఎక్కుతుంటే మెల్లగా లేచింది. ముప్పావుకు వచ్చింది, దబ్బున పడింది, మళ్లీ లేచింది. నేను రాస్తూనే ఉన్నాను. ఆమె కారు ఆపి బానెట్ ఎత్తింది. బుస్సుమని చిన్న చప్పుడు. మూత చుట్టూ తడి, సన్నగా ఆవిరి. నేను ఉత్సాహంగా కర్చీఫ్ తీసి మూత మీద వేశాను. నా మణికట్టు మీద ఒక దెబ్బ పడింది.

“వేడి మీద మూత తీసి మొగం కాల్చుకున్నోళ్లకు వార్డులో ఎంతమందికి పట్టీలు ఏసినానో నీకు తెలుసా? అందరూ మగోళ్లే. అందరూ కర్చీఫ్ ఏసే తీసినోళ్లు.”

ఆమె చేతికి మందపాటి గుడ్డ చుట్టుకుని, ఇంజను నుంచి రేడియేటర్‌కు పోయే పై రబ్బరు పైపును నొక్కింది. నన్నూ నొక్కమంది.

“ఎట్ల ఉండాది?”

“మెత్తగా.”

“ఇంత వేడి మీద గట్టిగా ఉండల్ల. లోపల ఒత్తిడి నిలబడటం లేదు. ఒత్తిడి లేకుంటే నీళ్లు తొందరగా మరుగుతాయి. అది నీకు తెలిసిండల్ల కదా.”

తెలుసు. ఏటా పాఠం చెబుతాను. పరీక్షలో ప్రశ్న కూడా ఇస్తాను.

“మూత సరిగ్గా పట్టుకోక ఆవిరి పక్కల నుంచి పోతాంది. అందుకే కింద చుక్క లేదు. నీళ్లు తగ్గితే లోపల గాలి చేరుతాది. వేడి కొలిచే తావ ఒకసారి నీళ్లు, ఒకసారి ఆవిరి తగుల్తాంటే ముల్లు ఎగిరెగిరి పడక ఏం చేస్తాది?”

ఇంజను చల్లారడానికి గంట పట్టింది. ఆ గంటలో ఆమె పక్క ఊళ్లోకి నడిచిపోయి ఐదుగురిని చూసి, ఇద్దరిని తిట్టి వచ్చింది. అప్పుడు మూత తీసి, వెనక్కి తిప్పి, దాని మీద అచ్చు కొట్టిన అంకె చదివింది. కారుతో వచ్చిన కంపెనీ పుస్తకం తెరిచి చూసింది. పుస్తకంలో ఉన్న అంకె వేరు. ఈ మూత తక్కువ ఒత్తిడికే తెరుచుకునేది.

“ఇది నా కారు మూత కాదు” అంది. ముల్లు ఎగిరిన తేదీలను ఆమె ముందు నుంచే రాసుకుంటోంది. నోటుపుస్తకంలో ఆ పేజీకి తిప్పింది. “ఆ ఆదివారానికి ముందు ఒక్క దినం గూడా ఎగరలేదు. నా మూత యాడికి పోయిండొచ్చు లెక్చరరూ?”

పక్కపక్కన ఎత్తిన రెండు బానెట్లు, ఒకేసారి తీసిన రెండు మూతలు, వాటి మీదికి వంగిన ఎనిమిది తలలు నా కళ్ల ముందు ఆడాయి. అందులో ఒక తల నాదే. “తెలీదు సిస్టరమ్మా” అన్నాను. ఆ ఆదివారం మొత్తంలో నేను నా కళ్లతో చూసింది అదొక్కటే. దాన్ని మాత్రం చెప్పలేదు.

ఆమె నా వైపు కాసేపు చూసి, గడియారం వైపు చూసి, కారెక్కింది.

మరునాడు పొద్దున నన్ను వెంటబెట్టుకుని కోశాధికారి ఇంటికి పోయింది. వాకిట్లో జీపు కింద నీళ్ల మడుగు. ఆయన మమ్మల్ని చూడగానే మొదలుపెట్టాడు. “చూడమ్మా ఖర్మ, నెల దినాల నుంచి రేడియేటర్ అతుకు కారుతాంది. నా బండికి ఎవరో దిష్టి పెట్టినారు.”

మనం దిష్టిని నమ్మం కదా అని నేననబోయి ఊరుకున్నాను. సిస్టరమ్మ జీపు బానెట్ ఎత్తి, చల్లగా ఉన్న మూత తిప్పి తీసి, అంకె చూసి, నాకు చూపించింది. ఆమె కారు మూత అదే. గట్టి మూత కావడంతో జీపులో ఒత్తిడి పెరిగి, ముసలి రేడియేటర్ తట్టుకోలేక అతుకుల దగ్గర ఏడుస్తోంది. ఆమె తన సంచిలోంచి జీపు మూత తీసి జీపుకు బిగించి, తన మూతను సంచిలో వేసుకుంది. అంతా అర నిమిషం పని.

“ఆ పొద్దు మూతలు పెట్టింది సెక్రటరీ!” అని కోశాధికారి అక్కడికక్కడే ఫోన్ కొట్టాడు. తాను మూతలు రెండూ అయ్యగారి చేతికిచ్చి చేతులు కడుక్కోవడానికి పోయానన్నాడు సెక్రటరీ. అయ్యగారికి కొడితే, “అది దేవునికే తెలియాలి” అన్నాడు.

కోశాధికారి ఫోన్లో అరుస్తున్నంతసేపూ సిస్టరమ్మ ఆయన మెడ వైపు, తన గడియారం వైపు మార్చి మార్చి చూస్తోంది.

“ఏమప్పా, పొద్దున లేస్తానే తల నొస్తాందా నీకు?”

“నాకేం లేదు. మా వంశంలోనే బీపీ లేదు.”

“చూపించుకున్నావా?”

“లేనిదాన్ని ఏం చూపించుకునేది సిస్టరమ్మా?”

సిస్టరమ్మ కారులో ముల్లు ఆ రోజు నుంచి సగం దగ్గర నిలబడింది. కమిటీ మినిట్స్ పుస్తకంలో ‘దేవుని కృప వలనను, పెద్దల పర్యవేక్షణ వలనను సదరు వాహనం నెమ్మదించినది’ అని రాశారు. తాళంచెవి తీర్మానాన్ని వాయిదా వేశారు. నేను తాళం అడగలేదు. ఆమె ఇవ్వలేదు.

ఆ వేసవిలో పత్తికొండ అవతల ఒక పల్లెలో కొత్త ప్రార్థన మందిరం ప్రతిష్ఠ జరిగింది. మిట్టమధ్యాహ్నం. షామియానా కింద కోశాధికారి ప్రసంగిస్తున్నాడు. కమిటీ సేవలను ఒక్కొక్కటిగా చెబుతూ చెబుతూ మధ్యలో ఆగాడు. ఎడమ చెయ్యి పట్టుకుని కూర్చుండిపోయాడు. ముఖమంతా చెమట. ఆడవాళ్ల వరస నుంచి సిస్టరమ్మ లేచి వచ్చి, సంచిలోంచి బీపీ మిషన్ తీసి చేతికి పట్టీ చుట్టింది. రెండు వందలు దాటింది. మాత్ర ఒకటి నోట్లో పెట్టి నమలమంది.

కర్నూలుకు ఎవరి బండిలో తీసుకుపోవాలని కమిటీ తర్జనభర్జన పడింది. ఏసీ బాగా పనిచేసేది ఎవరిది, పెద్ద బండి ఎవరిది, అంబులెన్స్ వచ్చేదాకా ఆగడం మంచిదా. తలెత్తి చూసేసరికి సిస్టరమ్మ చెప్పులు విప్పి వెనక సీటు కింద పెట్టేసింది.

ముందు సీటు వెనక్కి వాల్చి ఆయనను పడుకోబెట్టాం. నేను వెనక కూర్చున్నాను. బయట రోడ్డు మీద ఎండ నీళ్లలా కదులుతోంది. కారు కదిలిన రెండు నిమిషాలకు ఆయన నీరసంగా, “సిస్టరమ్మా... ముల్లు...” అన్నాడు.

“నాకు రోడ్డు చూసేకే సరిపోతాంది. నువ్వే చూసి చెప్పప్పా.”

“సగం... సగం కాడ ఉండాది.”

“సరే. చూస్తానే ఉండు.”

ఎత్తు వచ్చిన చోటల్లా ఆమె ఏసీ ఆపింది, దిగేటప్పుడు వేసింది. ఆయన గొంతు ఆగిందంటే చాలు, “ఏమప్పా, ముల్లు యాడ ఉండాది?” అని అడిగేది. ఆయన ఉలిక్కిపడి కళ్లు తెరిచి, “ఆన్నే ఉండాది సిస్టరమ్మా, కదల్లేదు” అనేవాడు. దేవనకొండ, కోడుమూరు దాటినా ఆయన ముల్లు చదువుతూనే ఉన్నాడు. ఆ కారు మీద ఆమెకు ఏ అనుమానమూ లేదని, ఆయన స్పృహ తప్పకుండా ఉండటానికి అడుగుతోందని కర్నూలు పొలిమేరల్లో గాని నాకు తట్టలేదు. ఆసుపత్రిలో స్ట్రెచర్ ఎక్కించేటప్పుడు కూడా ఆయన, “సగమే... సగమే ఉండాది” అంటూ పోయాడు. ఇంకాస్త ఆలస్యమై ఉంటే చేసేదేమీ ఉండేది కాదని డాక్టరు మాతో చెప్పాడు.

నెలన్నర తర్వాత కోశాధికారి చర్చిలో సాక్ష్యం చెప్పాడు. దేవునికి స్తోత్రం చెల్లించాడు. డాక్టర్లకు, అయ్యగారి ప్రార్థనలకు, ఆ ఎండలో తక్షణమే రవాణా ఏర్పాటు చేసిన కమిటీకి కృతజ్ఞతలు చెప్పాడు. సిస్టరమ్మ పేరు గాని, కారు మాట గాని రాలేదు. అందరూ ఆమెన్ అన్నారు. అందులో అందరికంటే గట్టిగా వినిపించింది సిస్టరమ్మ గొంతే.

బయటికి వచ్చాక నాకు కోపం ఆగలేదు. “ఒక్క మాటైనా అనలేదు కదా సిస్టరమ్మా!”

“అంటే ఏమొస్తాదప్పా? మనిషి మాత్రలు ఏసుకుంటాండాడా లేదా, అది చూడల్ల” అని ఆమె జనాన్ని తోసుకుంటూ పోయింది. కోశాధికారి చుట్టూ పదిమంది చేరి చేతులు కలుపుతున్నారు.

“ఏమప్పా, మాత్రలు దినామూ ఏసుకుంటాండావా?”

“ఏసుకుంటాండా సిస్టరమ్మా.”

“యాడ, చూపియ్యి.”

ఆయన అటూ ఇటూ చూసి, జేబులోంచి మాత్రల అట్ట తీసి ఇచ్చాడు. అందరి ముందూ, ఎండలో నిలబడి, ఖాళీ గుంటలను ఆమె వేలితో ఒక్కొక్కటీ తడుముతూ లెక్కపెట్టింది.

“నాలుగు దినాలు ఎగరగొట్టినావు. ఈ పొద్దుది?”

ఎవరో నీళ్ల సీసా అందించారు. సంఘ కోశాధికారి చర్చి మెట్ల మీద కూర్చుని, కమిటీ మొత్తం చూస్తుండగా మాత్ర నోట్లో వేసుకుని నీళ్లు తాగాడు. సిస్టరమ్మ ఒంగి, “నోరు తెరువు” అంది. ఆయన తెరిచాడు. ఆమె లోపలికి తేరిపార చూసి, అట్ట ఆయన జేబులో పెట్టి, ఇంటికి పోయింది.